నెలనెలా మిగులుతున్నా ఏడాది చివర అప్పెందుకు?

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో అందరూ చెవులు రిక్కించేది తమ రాశి ఆదాయ వ్యయాలు చదివేటప్పుడు. ఆదాయం 5, వ్యయం 11 అని వినపడగానే ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ అంకెల మీద నమ్మకం ఎవరిష్టం వాళ్ళది. నాకు అందులో నచ్చేది లెక్కకు తీసుకున్న కాలం. పంచాంగం మన రాకనీ పోకనీ ఏడాది మొత్తానికి కలిపి చెబుతుంది.

ఇంటి ఖర్చుల దగ్గర మనం అలా చూడం. జీతం నెలకోసారి పడుతుంది కాబట్టి లెక్క కూడా నెలకే వేస్తాం. అద్దె, పాలు, సరుకులు, కరెంటు బిల్లు పోను ఎంత మిగిలిందో చూసుకుంటాం. స్కూలు ఫీజు, బండి ఇన్సూరెన్సు, బీమా ప్రీమియం, పెద్ద పండగ, మేనకోడలి పెళ్ళి ఈ లెక్కలో ఎక్కడా కనపడవు. అవి రావాల్సిన నెలలో వచ్చి ఒక్కసారిగా మీద పడతాయి. అప్పుడు చేబదులో, బంగారం తాకట్టో, క్రెడిట్ కార్డో గుర్తొస్తుంది. తాహతుకు మించి బతుకుతున్నారని ఊళ్ళో అనిపించుకునే కుటుంబాల్లో చాలామందికి దుబారా అలవాటే ఉండదు. నెలవారీ లెక్క వాళ్ళ కళ్ళకు పెద్ద ఖర్చుల్ని కనపడనివ్వడం లేదు, అంతే.

మన విశాఖపట్నం గాజువాకలో అద్దెకుంటున్న ఒక కుటుంబాన్ని తీసుకుందాం. ఇది నేను ఉదాహరణకు కట్టిన లెక్క. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. చేతికొచ్చే జీతం నెలకు 45,000. అద్దె 11,000. సరుకులు, పాలు, కూరలు, చేపలు, గ్యాస్ కలిపి 14,000. కరెంటు, ఫోన్లు, నెట్ 2,500. పెట్రోలు, ఆటోలు 3,500. ట్యూషన్ 2,000. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు 3,000. చేతి ఖర్చులు మరో 2,500. మొత్తం 38,500. నెలాఖరుకి 6,500 మిగులుతోంది. ఎవరు చూసినా పద్ధతైన ఇల్లే అంటారు.

ఇప్పుడు అదే ఇంటికి ఏడాదిలో ఒకటి రెండుసార్లు వచ్చే ఖర్చులు రాద్దాం. జూన్‌లో ఇద్దరు పిల్లల ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు 72,000. జీవిత బీమా, ఆరోగ్య బీమా 32,000. సంక్రాంతికి బట్టలు, శ్రీకాకుళం వైపు ఊరికి ప్రయాణాలు, అక్కడ పెట్టుపోతలు 20,000. దసరా, దీపావళి, పుట్టినరోజులు 14,000. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాల చదివింపులు, వాటికి రాకపోకలు 18,000. బండి ఇన్సూరెన్సు, సర్వీసింగ్ 5,000. ఎండాకాలం అదనంగా వచ్చే కరెంటు బిల్లు 5,000. పగిలిన ఫోను, పాడైన మిక్సీ, ఆగిపోయిన ఫ్రిజ్‌కి 14,000. కూడితే లక్షా 80 వేలు. నెలకు 15,000.

మిగులు నెలకు 6,500 అయితే కావలసింది 15,000. తేడా 8,500. ఏడాదికి లక్షా రెండు వేలు. ప్రతి నెలా డబ్బు మిగిల్చిన కుటుంబం ఏడాది తిరిగేసరికి లక్ష రూపాయల అప్పులోకి వెళ్ళే దారి ఇది. వాళ్ళు కారు కొనలేదు, విమానం ఎక్కలేదు. ఏం తప్పు చేశామో వాళ్ళకు నిజంగానే తెలియదు. ఇంట్లో గొడవలు అక్కడే మొదలవుతాయి. నువ్వు ఖర్చు పెట్టావంటే నువ్వు పెట్టావని. ఇద్దరూ పెట్టలేదని చూపించడానికి ఒక కాగితం చాలు, ఆ కాగితం ఎవరూ రాయరు.

మరచిపోయిన ఖర్చు, అనుకోని ఖర్చు

"అనుకోని ఖర్చు వచ్చిపడిందండీ" అనే మాట మనం రోజూ వింటాం. ఒక్కసారి ఆగి చూస్తే అందులో చాలావరకు అనుకోనివి కావు, మరచిపోయినవి. జూన్ నెల ప్రతి ఏడాదీ వస్తుంది. బండి ఇన్సూరెన్సు గడువు తేదీ కాగితం మీదే ఉంటుంది. ఏ ఫ్రిజ్ ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం కానీ, ఏడాదిలో ఏదో ఒక వస్తువు పాడవుతుందని మాత్రం కచ్చితంగా చెప్పగలం.

మా అమ్మ ఈ తేడాని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆవిడ దగ్గర ఒక పాత డైరీ ఉండేది. ముందు పేజీల్లో పాలవాడి లెక్క, చాకలి పద్దు. చివరి పేజీలో మాత్రం స్కేలు పెట్టి పన్నెండు గళ్ళు గీసుకునేది. ఒక్కో గడిలో ఒక్కో నెల పేరు, కింద ఆ నెలలో రాబోయే పెద్ద ఖర్చు, దాని ముందు అంకె. జూన్ గడిలో ఎప్పుడూ చోటు చాలేది కాదు, పక్కకి వంచి రాసేది. జీతం వచ్చిన రోజు ఆ పేజీ తీసి, ఏడాది మొత్తంలో పన్నెండో వంతు ఎంతో చూసి, ఆ డబ్బు పాత పౌడర్ డబ్బాలో వేసి బియ్యం డ్రమ్ములోకి తోసేది. నెలాఖరులో ఎంత ఇబ్బందైనా ఆ డబ్బా బయటికి వచ్చేది కాదు. పక్కింటి పిన్నిగారికి చేబదులు ఇవ్వాల్సి వచ్చినా పోపుల డబ్బాలోదే ఇచ్చేది.

బడ్జెట్ గురించి నేను తర్వాత చదివినవన్నీ ఆ చివరి పేజీకి కొనసాగింపులాగే అనిపించాయి. పౌడర్ డబ్బా స్థానంలో ఇప్పుడు ఇంకో బ్యాంకు ఖాతా తెరిస్తే చాలు. జీతం పడిన మర్నాడే దానంతట అదే అందులోకి డబ్బు వెళ్ళేలా పెట్టుకోవాలి. ఆ ఖాతాకి ఏటీఎం కార్డు తీసుకోకూడదు, ఫోన్‌పే, గూగుల్‌పేలకు తగిలించకూడదు. చేతికి అందుబాటులో ఉన్న డబ్బు మన కంటికి ఖర్చు పెట్టదగ్గ డబ్బులాగే కనిపిస్తుంది. బ్యాంకు ఏమవుతుందో అన్న భయం ఉన్నవాళ్ళకు ఒక మాట: 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల దాకా బీమా ఉంది.

గళ్ళు నింపేటప్పుడు పంచాంగం నిజంగానే పనికొస్తుంది. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళుండవు. శ్రావణం రాగానే శుభలేఖలు వరసకడతాయి, మళ్ళీ మాఘంలో. ముహూర్తాలు ఎప్పుడో తెలిస్తే చదివింపులు ఎప్పుడో తెలిసినట్టే. చదివింపులకు మరో గుణం కూడా ఉంది. మనింట్లో శుభకార్యానికి వాళ్ళు ఎంత చదివించారో పుస్తకంలో రాసి ఉంటుంది, దానికి తగ్గకుండా మనం తిరిగి పెట్టాలి. ఒక రకంగా అది వడ్డీ లేని బాకీ. ఆ పాత పుస్తకం తీసి, ఈ ఏడు ఎవరి ఇళ్ళలో పెళ్ళీడు పిల్లలున్నారో చూసుకుంటే సగం అంకె దొరుకుతుంది. ఇది లెక్కలతనం అనుకోకండి. డబ్బు సిద్ధంగా ఉన్న మనిషి పెళ్ళికి నవ్వు మొహంతో వెళ్తాడు.

సొంత ఇల్లున్నవాళ్ళు ఏప్రిల్ గడిలో ఇంటి పన్ను రాసుకోవాలి. ఏడాది మొత్తం ఆ నెలాఖరు లోపు కట్టేస్తే మన నగరపాలక సంస్థ జీవీఎంసీ 5 శాతం తగ్గిస్తుంది. బీమా ప్రీమియం అంకెను పాత రసీదు చూసి రాయకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ ఎత్తేశారు.

ఎక్కడ కోయాలి?

మళ్ళీ గాజువాక కుటుంబం దగ్గరికి వద్దాం. 8,500 లోటు ఎలా పూడుతుంది? అందరూ ముందు చెప్పే సలహా చిల్లర ఖర్చులు తగ్గించమని. సరే, తగ్గిద్దాం. కూరలకు రైతుబజారుకి వెళ్ళడం, నెల సరుకులు పూర్ణామార్కెట్‌లో హోల్‌సేల్ కొట్లో తేవడం, బయట తిండి తగ్గించడం, అన్నీ కలిపి నెలకు 1,500 మిగిలిందనుకుందాం. పండగలకు 10,000, చదివింపులకు 6,000, కొత్త ఫోనుకి బదులు పాతది బాగుచేయించి 8,000, ఏడాదికి 24,000 తగ్గించారనుకుందాం. అంటే నెలకు 2,000. ఇంత బిగించినా తగ్గింది 3,500. ఇంకా 5,000 లోటు అలాగే ఉంది.

ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. టీ మానెయ్, సినిమా మానెయ్ అంటూ ఇళ్ళలో రోజూ జరిగే సాధింపు వల్ల మనుషులు నలిగిపోతారు తప్ప లోటు పూడదు. మిగిలిన 5,000 మూడు చోట్ల నుంచే రావాలి: అద్దె, స్కూలు, ఆదాయం. మూడూ కష్టమైన నిర్ణయాలే. అందుకే వాటిని వదిలేసి టీ దగ్గర కూర్చుంటాం.

అద్దె విషయంలో ఒక చిక్కుంది. మన ఊరు సముద్రానికీ కొండలకూ మధ్య పొడుగ్గా సాగిపోయింది. మధురవాడ వైపు అద్దె తక్కువని ఇల్లు తీసుకుని గాజువాకలో ఉద్యోగం చేస్తే పోను దాదాపు 30 కిలోమీటర్లు, రాను 30. నెలకు 25 రోజులు తిరిగితే 1,500 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండికైనా 30 లీటర్ల పెట్రోలు. మూడు వేలు దాటింది. రోజుకు రెండు గంటలకు పైగా రోడ్డు మీదే గడుస్తుంది. అద్దెలో 2,000 కలిసొచ్చినా ఇది నష్టపు బేరమే. అద్దెనీ ప్రయాణాన్నీ ఎప్పుడూ ఒకే పద్దులో కలిపి చూడాలి.

స్కూలు గురించి బయటివాళ్ళు సలహా ఇవ్వడం భావ్యం కాదు, అది తల్లిదండ్రుల మనసుకి సంబంధించింది. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎల్‌కేజీలో చేర్చేటప్పుడు ఆ ఏడాది ఫీజు మాత్రమే చూడకండి, అదే స్కూల్లో పదో తరగతి పిల్లల ఫీజు అడగండి. చిన్నవాడు కూడా అక్కడికే వెళ్తాడు కాబట్టి రెండింతలు వేసుకోండి.

వడ్డీని రూపాయల్లో అడగండి

లోటు పూడకపోతే అప్పొస్తుంది. అప్పు చేయడం నేరమేమీ కాదు, దాని ధర తెలియకుండా చేయడమే ప్రమాదం. మన పెద్దవాళ్ళకు ఇందులో ఒక చక్కని కొలబద్ద ఉండేది. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం. ఊళ్ళో ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడంటే పాపం, ఎంత కష్టం వచ్చిందో అనుకునేవారు. ఇప్పటి అప్పులన్నిటినీ ఆ కొలబద్ద మీద పెట్టి చూడండి.

క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు నెలకు మూడున్నర శాతం దాకా వేస్తాయి. అంటే మూడున్నర రూపాయల వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 4 రూపాయల 13 పైసలు. తాతగారి కాలంలో అయితే ఈ వడ్డీకి ఎవరూ నోటు రాసేవారు కాదు. బిల్లు మొత్తం గడువులోగా కట్టేసేవాళ్ళకు ఇది వర్తించదు, వాళ్ళకు కార్డు మంచి సౌకర్యమే. చిక్కు వచ్చేది బిల్లు మీద కనిపించే మినిమం డ్యూ దగ్గర. 50,000 బాకీ ఉంటే 2,500 కడితే చాలని ఉంటుంది. ఆ నెల వడ్డీ 1,750, దాని మీద జీఎస్టీ 315, కలిపి 2,065. మీరు కట్టిన 2,500లో అసలు కింద జమ అయ్యేది 435 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు. పాలప్యాకెట్ గీకినా ఆ రోజు నుంచే వడ్డీ.

ఫ్లాట్ రేటు మరో మాయ. లక్ష రూపాయలు రెండేళ్ళకు, రూపాయి వడ్డీయే అంటారు. లక్షకి 24,000 వడ్డీ కలిపి 24 వాయిదాలు చేస్తే నెలకు 5,167. కానీ నెలనెలా మీరు అసలు తీరుస్తూనే ఉన్నారు. ఆఖరి నెలలో మీ దగ్గర మిగిలిన అసలు ఐదు వేలే అయినా, వడ్డీ మాత్రం లక్ష మీద కట్టినట్టే. తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే అది రూపాయి 80 పైసల వడ్డీ. వీధి చివర తోపుడు బండ్ల వాళ్ళకు ఇచ్చే రోజువారీ అప్పు ఇంకా ఘోరం. చేతికి 9,000 ఇచ్చి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయలేగా అనిపిస్తుంది, అది ఆరు రూపాయలు దాటిన వడ్డీ.

బంగారం తాకట్టు చాలా బ్యాంకుల్లో రూపాయి లోపే దొరుకుతుంది. కాబట్టి కార్డు బాకీ పేరుకుపోయినవాళ్ళు గాజులు బ్యాంకులో పెట్టి కార్డు తీర్చెయ్యడం తెలివైన పని. మనవాళ్ళకు నగ తాకట్టు పెట్టడం నామోషీ, కార్డు బాకీ ఎవరికీ కనపడదు. ఆ నామోషీ ఖరీదు నెలకు నూటికి మూడు రూపాయలు. ఒక్క జాగ్రత్త: ఏడాది తిరగ్గానే వడ్డీ మాత్రమే కట్టి తిరగరాయిస్తూ పోతే ఆ గాజులు ఎప్పటికీ ఇంటికి రావు. విడిపించే నెల కూడా ఆ పన్నెండు గళ్ళలో ఏదో ఒకదాంట్లో ఉండాలి.

చీటీల గురించి చెప్పకుండా విశాఖలో ఇంటి లెక్క పూర్తి కాదు. లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకు 5,000. ఒక నెల ఒకరు 75,000కి పాడుకున్నారు. వదులుకున్న 25,000లో నిర్వాహకుడి కమీషన్ 5,000 పోతే మిగిలిన 20,000 ఇరవై మందికీ తలా వెయ్యి. ఆ నెల అందరూ కట్టేది 4,000. మొదట్లో పాడుకున్నవాళ్ళు అప్పు తీసుకున్నట్టు, చివరిదాకా ఆగినవాళ్ళు పొదుపు చేసినట్టు. మీరు ఏ వైపు ఉన్నారో చీటీ కట్టేముందే తేల్చుకోండి. జూన్ ఫీజు కోసమని మొదలుపెట్టిన చీటీని దసరాకి టీవీ కోసం పాడేస్తే ఫీజు నెలలో చేతిలో డబ్బుండదు, వాయిదాలు మాత్రం ఉంటాయి. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టరైన చీటీలో ఏదైనా తేడా వస్తే అడగడానికి ఒక ఆఫీసుంటుంది. తెలిసినవాళ్ళు ఇంట్లో నడిపే చీటీలో ఆ మనిషి మంచితనమే హామీ. మాకు తెలిసిన ఒక ఆవిడ ఇలాగే కూతురి పెళ్ళికని మూడేళ్ళు కట్టిన డబ్బు పోగొట్టుకుంది. పెళ్ళి అప్పు మీదే జరిగింది.

జీతం లేని నెలలు

ఇప్పటిదాకా చెప్పింది నెల జీతం ఉన్నవాళ్ళ గురించి. ఏడాది లెక్క నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్ళాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలు వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ పడవల మీద పనిచేసే కలాసీలకు రాబడి ఆగిపోతుంది. సరిగ్గా ఆ వెనకే స్కూళ్ళు తెరుస్తారు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వేట నిషేధ భృతి 2025లో 20,000 అయింది, కానీ రెండు నెలలు ఇల్లు గడవడానికి అదొక్కటే చాలదు.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడని ఒకసారి అడిగాను, ఆ రెండు నెలలూ ఎలా గడుస్తుందని. "పెద్ద పండగ వెళ్ళాక ప్రతివారం కొంచెం బియ్యం ఎక్కువ కొనేస్తాం బాబూ. చింతపండు, ఎండుచేపలు అన్నీ ముందే. డబ్బుంటే అయిపోద్ది, బియ్యం ఉంటే ఉంటాయి" అంది. రాబడి ఒడుదొడుకులుగా ఉన్నవాళ్ళు, అంటే ఆటో నడిపేవాళ్ళు, కాంట్రాక్టు పనివాళ్ళు, కమీషన్ మీద బతికేవాళ్ళు చేయాల్సింది దాదాపు ఇదే. మంచి నెలలో వచ్చిందంతా ఆ నెలది అనుకోకూడదు. గడిచిన ఏడాదిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన మూడు నెలల సగటు తీసుకుని, అదే తమ జీతం అనుకుని ఇల్లు నడపాలి. పైన వచ్చింది వేట లేని నెలలకు.

ఇక నిజంగానే అనుకోనివి ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన తీరాన్ని దాటిన తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. ఖాతాలో లక్షలున్నవాళ్ళు కూడా పాలప్యాకెట్‌కి నోటు కోసం వెతుక్కున్నారు. ఆ తర్వాతి నుంచి మా ఇంట్లో పది రోజులకు సరిపడా నోట్లు, చిన్నవి, ఎప్పుడూ ఉంటాయి. ఇది పన్నెండు గళ్ళ డబ్బులో కలవదు. ఉద్యోగం పోయినా, ఆసుపత్రి పాలైనా మూడు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. గాజువాక కుటుంబానికైతే అది లక్ష పైమాటే. అది ఒక్కసారిగా పోగవదు. అయినా మొదటి పదివేలు పోగయ్యాక మనిషి నిద్రపోయే తీరే మారుతుంది, ఇది నేను చూసి చెబుతున్న మాట.

ఈ లెక్క మొదలుపెట్టడానికి ఉగాది దాకా ఆగక్కర్లేదు, కానీ మొదటి ఏడాది గట్టిగానే ఉంటుంది. పోయినేటి జూన్ అప్పు తీరుస్తూనే వచ్చే జూన్‌కి దాచాలి. ఇవాళ నవంబరు అనుకుంటే ఏడు నెలలుంది. నెలకు 6,000 చొప్పున దాచినా 72,000 ఫీజుకి 42,000 అవుతుంది, 30,000 అప్పు తప్పదు. పోయినసారి 72,000 మొత్తం అప్పే కదా. ఆ తర్వాతి జూన్‌కి పన్నెండు నెలలు చేతిలో ఉంటాయి, అదే 6,000 సరిగ్గా సరిపోతుంది, ఫీజు పెరిగినంత మేర పైన కలుపుకోవాలి.

ఆ కాగితం ఎక్కడో బీరువాలో ఉండకూడదు. మా ఇంట్లో అది ఫ్రిజ్ తలుపు మీద ఉంది. గీతలు నావి, అంకెలు మా ఆవిడవి. పోయిన నెల చూస్తే జూన్ గడిలో ఫీజు కింద మా అమ్మాయి పెన్సిల్‌తో "నా సైకిల్ కూడా" అని రాసి ఉంది. జూన్‌లో చోటు లేదని దాన్ని పిలిచి చూపించాం. తనే రబ్బరుతో చెరిపేసి అక్టోబరు గడిలో రాసుకుంది, పక్కన 4,500 అని కూడా వేసింది.